బాక్స్ నేను సరిగ్గానే వేశాను, వాళ్ల స్క్రీన్ మీద పక్కకు పోయింది

ఈసారి ఉత్తరం మాదాపూర్ నుంచి వచ్చింది. రాసినామె వయసు 26. తన పేరు, కంపెనీ పేరు బయటపెట్టొద్దన్నారు. ఆరు పేజీల ఉత్తరం. ఇందులో చిన్న వివరం కూడా పనికొచ్చేదే కాబట్టి ముందు ఆమె చెప్పింది వరుసగా చెప్తాను.

సూర్యాపేట దగ్గర పల్లె. బీఎస్సీ అయ్యాక హైదరాబాద్ వచ్చి, ఏడాదిన్నరగా ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద అనోటేషన్ పని చేస్తున్నారు. రోడ్డు మీద కెమెరా తీసిన ఫొటోల్లో ఆటో, బస్సు, బైకు, నడిచే మనిషి ఎక్కడున్నారో చూసి, మౌస్‌తో చుట్టూ బాక్స్ వేసి, అదేమిటో పేరు ఎంచుకోవాలి. ఆ బాక్సుల్ని చూసే కంప్యూటర్ ఏది ఆటో, ఏది బస్సు అని నేర్చుకుంటుంది. రోజుకు వందల బాక్సులు. అయ్యప్ప సొసైటీలో ముగ్గురుండే హాస్టల్ గది. తమ్ముడి డిప్లొమా ఫీజు ఈమే కడుతున్నారు, నెలనెలా వచ్చే ఇన్సెంటివ్ దానికే.

"నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది మా పెద్దమ్మ కొడుకు. నాకు అన్న. మా టీం లీడ్ కూడా అతనే. ఆఫీసులో అన్నా అని పిలవొద్దు, సార్ అను అన్నాడు. అలాగే అంటున్నాను" అని రాశారు.

ఇబ్బంది ఈ నెలలో మొదలైంది. కొత్త కెమెరా ఫొటోల బ్యాచ్ ఒకటి వస్తే ఈమెకూ, పక్క సీటు అమ్మాయికీ ఇచ్చారు. అంతకుముందు ఈమె పనిలో తప్పులు దాదాపు ఉండేవి కావు. ఈ బ్యాచ్ మొదలయ్యాక క్యూసీ నుంచి, అంటే వేసిన బాక్సుల్ని తనిఖీ చేసేవాళ్ల నుంచి, వచ్చేవన్నీ రీవర్కులే, మళ్లీ చేయమని తిరిగొచ్చినవే. ఒక బాక్స్ బండి మీద కాకుండా ఖాళీ రోడ్డు మీద ఉందట. ఇంకో ఫొటోలో బస్సుకు అసలు బాక్సే వేయలేదట. రెండుసార్లు వార్నింగ్ మెయిల్ వచ్చింది. ఇన్సెంటివ్ పోయింది. నెలాఖరుకి కాంట్రాక్ట్ పొడిగిస్తారో లేదో తెలియదు. అందరి ముందూ అన్న "కళ్లు ఎక్కడ పెట్టుకుని వేస్తున్నావ్?" అన్నాడు. పక్క సీటు అమ్మాయి బాత్రూంలోకి వెళ్లి ఏడ్చి వచ్చింది.

మూడు నెలలుగా ఈమె ఆదివారాలు అమీర్‌పేటలో పైథాన్ అనే కోడింగ్ భాష, అందులో ఫొటోలతో పనిచేయడానికి వాడే ఓపెన్‌సీవీ లైబ్రరీ నేర్పే క్లాసుకు వెళ్తున్నారు. ఫొటో మీద గీత, బాక్స్, సున్నా గీయడం దాకా వచ్చింది. ఒక రాత్రి ఉండబట్టలేక, ఆరు ఫొటోలూ వాటి బాక్సుల ఫైళ్లూ ఆఫీసు నుంచి తన సొంత మెయిల్‌కు పంపుకున్నారు. రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో ఫైల్లోని అంకెలు తీసుకుని, అదే ఫొటోల మీద కోడ్‌తో బాక్సులు గీశారు. ఆరింట్లోనూ అన్నీ బండ్ల మీదే కూర్చున్నాయి. వేయలేదన్న బస్సు బాక్స్ కూడా ఉంది. తర్వాత క్యూసీ వాళ్ల స్క్రీన్‌షాట్ ఒకటి పెయింట్‌లో తెరిచి కొలిచారు. ఒక బైకుకు ఈమె ఫైల్లో ఉన్న పై ఎడమ మూల 900, 500, అంటే ఫొటో ఎడమ అంచు నుంచి 900 పిక్సెళ్లు, పై అంచు నుంచి 500. స్క్రీన్‌షాట్‌లో కూడా బాక్స్ సరిగ్గా 900, 500 దగ్గరే ఉంది, కానీ అక్కడ ఖాళీ రోడ్డు. బైకు మాత్రం 600, 335 దగ్గర కనిపిస్తోంది. పైన ఎడమ మూలలో ఉన్న ఆటోకు బాక్స్ కొంచెమే జరిగింది.

"క్యూసీ స్క్రీన్ మీద బాక్సులు గీసే ప్రోగ్రామ్ రాసింది మా అన్నే. నేను చెప్తే అతని పరువు పోతుంది, పెద్దమ్మ ముందు మా అమ్మ తలెత్తుకోలేదు. చెప్పకపోతే నా ఉద్యోగం పోతుంది. అయినా మూడు నెలలు నేర్చుకున్నదాన్ని, ఎనిమిదేళ్ల అనుభవం ఉన్న మనిషి తప్పు పట్టడమేమిటి? నేనే ఎక్కడో పొరబడి ఉంటానా? నాకు కోడింగ్ నిజంగా వస్తుందా?" ఇదీ ఆమె ప్రశ్న.

ముందు మీ చివరి అనుమానం సంగతి చూద్దాం. అది తేలితే మిగతావి నిదానంగా ఆలోచించుకోవచ్చు. మీరు రాసిన అంకెల్ని బట్టి చూస్తే మీరు పొరబడలేదు. ఎందుకో చెప్తాను, మీరే సరిచూసుకోండి.

900ని 600తో భాగించండి. ఒకటిన్నర వస్తుంది. 500ని 335తో భాగించండి, అదీ దాదాపు ఒకటిన్నరే. పెయింట్‌లో చేత్తో కొలిచారు కాబట్టి ఒకటి రెండు పిక్సెళ్ల తేడా మామూలే. ఇప్పుడు కొత్త కెమెరా ఫొటో మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో సైజు చూడండి. 1920 బై 1080 ఉంటుందని నా అంచనా. క్యూసీ స్క్రీన్‌షాట్ సైజు చూడండి, 1280 బై 720 ఉండాలి. 1920ని 1280తో భాగించినా ఒకటిన్నరే. అలాగే ఉంటే కథ అర్థమైపోయినట్టే. మీ అన్న ప్రోగ్రామ్ ఫొటోను చిన్నది చేస్తోంది, మీ అంకెల్ని చిన్నవి చేయడం లేదు.

వాకిట్లో చుక్కల ముగ్గు వేసేవాళ్లకు ఇది ఒక్క మాటలో తెలుస్తుంది. పుస్తకంలో ముగ్గు 15 చుక్కలది. వాకిలి ఇరుకని మీరు 10 చుక్కలే పెట్టారు. పుస్తకం చూసి చెప్పేవాళ్లు మాత్రం "తొమ్మిదో చుక్క దగ్గర మెలిక తిప్పు, పదమూడో చుక్క దగ్గర కలుపు" అంటూనే ఉన్నారు. తొమ్మిదో చుక్క ఉంది కానీ అది పుస్తకంలో ఉన్న చోటు కాదు. పదమూడో చుక్క అసలు లేనే లేదు.

ఆ లేని చుక్కే మీ బస్సు. ఫొటో అంటే కంప్యూటర్‌కు గళ్ల కాగితం. లెక్క పైన ఎడమ మూల నుంచి మొదలవుతుంది. మొదటి అంకె కుడివైపుకు, రెండోది కిందికి పెరుగుతాయి. బాక్స్ గీసే రెక్టాంగిల్ ఫంక్షన్‌కు ఏ ఫొటో మీద, ఏ మూల నుంచి ఏ మూలకు, ఏ రంగుతో, ఎంత మందంతో అని చెప్తాం. ఆ గళ్లకు రంగు పూయడం వరకే దాని పని. కింద బైకు ఉందా రోడ్డు ఉందా దానికి తెలియదు. మనం చెప్పిన గడి ఫొటో బయట పడితే ఓపెన్‌సీవీ ఎర్రర్ కూడా ఇవ్వదు. లోపల ఎంత పడితే అంత గీసి మిగతాది వదిలేస్తుంది. మీ బస్సు బాక్స్ 1350 దగ్గర మొదలైందనుకోండి. 1280 వెడల్పున్న ఫొటోలో ఆ చోటే లేదు. బాక్స్ గీయమన్నారు, అది గీసింది, ఎవరికీ కనపడలేదు. కాబట్టి క్యూసీ మనిషి 'వేయలేదు' అని రాశాడు. తన కళ్లకు కనిపించింది రాశాడు, అతని తప్పూ లేదు.

ఎడమ మూలలో ఆటో బాక్స్ కొంచెమే జరగడం కూడా దీనికి సరిపోతుంది. 60 ఉండాల్సింది 40 దగ్గర కనిపిస్తే తేడా 20 పిక్సెళ్లే. 900 దగ్గర అదే తేడా 300. మూలకు దగ్గరగా ఉన్నవి కాస్త తప్పుతాయి, దూరంగా ఉన్నవి బాగా తప్పుతాయి. ఆ ఆటో బాక్స్‌ను ఇంకోసారి చూడండి, జరగడమే కాదు, ఆటో కంటే పెద్దగా కూడా ఉండాలి.

ఇలాంటి తేడా రావడానికి వేరే కారణాలూ ఉంటాయి. మీ అన్న ముందుగా అడిగేవి అవే కావచ్చు కాబట్టి సమాధానం దగ్గర పెట్టుకోండి. కొన్ని ఫైళ్లలో బాక్స్ పై మూల కాకుండా మధ్య బిందువు రాస్తారు. మధ్యను మూల అనుకుని గీస్తే బాక్స్ తన సైజులో సగం మేర కుడికి, కిందికి జరుగుతుంది. మీ బైకు బాక్స్ వెడల్పు 60 అని రాశారు. అలా అయితే 30 జరగాలి. మీది 300 జరిగింది, కాబట్టి అది కాదు. ఇంకోటి, అడ్డం నిలువు తారుమారు కావడం. ఓపెన్‌సీవీలో ఫొటో సైజు అడిగితే ముందు ఎత్తు, తర్వాత వెడల్పు చెప్తుంది. బిందువు ఇచ్చేటప్పుడు మాత్రం ముందు అడ్డం, తర్వాత నిలువు ఇవ్వాలి. కొత్తవాళ్లు, పాతవాళ్లు అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడ పడతారు. అదే జరిగితే మీ బాక్స్ 500, 900 దగ్గర ఉండేది. 720 ఎత్తున్న ఫొటోలో ఆ చోటే లేదు కాబట్టి బాక్స్ అసలు కనిపించేదే కాదు. మీది 900, 500 దగ్గరే ఉంది. కాబట్టి అదీ కాదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ నెల వచ్చిన రీవర్కులన్నీ ఆ ప్రోగ్రామ్ వల్లే అని ఎక్కడా అనకండి. మీరు చూసింది ఆరు ఫొటోలు. మిగతావాటిలో నిజంగా మీరు వదిలేసినవి కొన్ని ఉండొచ్చు, రోజుకు అన్ని వందల బాక్సులు వేసే చేతికి అది సహజం. 'సరైన సైజులో గీసి మళ్లీ చూడండి, అప్పుడు మిగిలిన తప్పులు నావే' అనడం న్యాయం. ఆ మాటను ఎవరూ కొట్టిపారేయలేరు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నేనూ మీ అన్న కుర్చీలో కూర్చున్నవాణ్ణే. రాత్రిపూట తీసిన ఫొటోలు వచ్చేవి. వాటిని గ్రేస్కేల్‌లో, అంటే రంగుల్లేకుండా నలుపు తెలుపుల్లో, తెరిచి బాక్సులు గీసే కోడ్ నేనే రాశాను. ఎరుపు రంగు పెట్టాను. ఓపెన్‌సీవీలో రంగు బీజీఆర్ వరుసలో రాస్తారు, ముందు నీలం, తర్వాత ఆకుపచ్చ, చివర ఎరుపు. కాబట్టి ఎరుపు అంటే 0, 0, 255. గ్రేస్కేల్ ఫొటోకు మూడు రంగుల బదులు ఒకటే చానెల్, అంటే గడికి ఒకటే అంకె, ఉంటుంది కాబట్టి మొదటి అంకె ఒక్కటే తీసుకుంటుంది. ఆ మొదటి అంకె సున్నా. సున్నా అంటే నలుపు. రాత్రి ఫొటోలో చీకటి రోడ్డు మీద నల్ల బాక్స్ ఎవరికి కనిపిస్తుంది? 'సగం బండ్లకు బాక్సులు వేయలేదు' అని ఒక కుర్రాడికి గట్టిగా మెయిల్ రాశాను. అతను "వేశాను సార్" అన్నాడు. నేను నమ్మలేదు. వారం తర్వాత వేరే పని మీద ఆ ఫొటోను పెద్దది చేసి చూస్తే, వీధి దీపం వెలుగు పడ్డ చోట నల్ల గీత ముక్క ఒకటి కనిపించింది. క్షమించమని అడిగేసరికి అతను మానేసి వెళ్లిపోయాడు. ఆ మెయిల్ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు. మీ అన్నకు ఆ పరిస్థితి రాకుండా ఆపగలిగేది ఇప్పుడు మీరే. అతను కావాలని చేసి ఉండడు. పాత కెమెరా ఫొటోలు 1280 వెడల్పే అయి ఉండాలి, అప్పుడు చిన్నది చేసినా చేయకపోయినా తేడా రాలేదు. కొత్త కెమెరాతో బయటపడింది.

ఇప్పుడు ఇబ్బందికరమైన విషయం. ఆ ఆరు ఫొటోలు మీ సొంత మెయిల్లో ఉన్నాయి. ఉద్యోగంలో చేరేటప్పుడు కంపెనీ సమాచారం బయటికి తీసుకెళ్లనని ఒక కాగితం మీద సంతకం పెట్టి ఉంటారు. తీసి చదవండి. పైగా అవి రోడ్డు ఫొటోలు, అందులో మనుషుల మొహాలు, నంబర్ ప్లేట్లు ఉంటాయి. మీ బాధ నాకు అర్థమైంది, అయినా అది చేయకూడని పనే. మీరు నెగ్గాల్సిన విషయంలో మీ వైపు ఉన్న లోపం ఇదొక్కటే. ఇకమీదట ఒక్క ఫైలు కూడా పంపుకోవద్దు. ఉన్నవి ఎవరికీ చూపించొద్దు, రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో మిగిలి ఉంటే తీసేయండి. ముఖ్యంగా వాటిని రుజువుగా ఎక్కడా పెట్టొద్దు. పెడితే మాట ప్రోగ్రామ్ మీద నుంచి మీ మెయిల్ మీదికి మళ్లుతుంది, అప్పుడు మీరు చెప్పేది వినేవాళ్లు ఉండరు.

ఆ సంగతి మీరే చెప్పేయాలా, ఊరుకోవాలా? చెప్తే మనసు తేలికవుతుంది, కానీ కాగితంలో ఏం రాసుందో దాన్నిబట్టి చర్య తీసుకునే హక్కు వాళ్లకు వస్తుంది. ఊరుకుంటే ఈరోజుకు గడుస్తుంది, కానీ ఆఫీసు మెయిల్ నుంచి వెళ్లినదాని జాడ వాళ్ల సర్వర్‌లో ఉంటుంది, మీరు తీసేసినా అక్కడ పోదు. కాంట్రాక్టులు తెలిసిన లాయర్‌కు ఆ కాగితం చూపించి నిర్ణయించుకుంటే మంచిది. ఏది ఎంచుకున్నా, ఎవరైనా నేరుగా అడిగితే మాత్రం అబద్ధం చెప్పొద్దు.

మరి రుజువు ఎలా? కంపెనీ ఫొటో ఒక్కటి కూడా అక్కర్లేదు. ఈ ఆదివారం పొద్దున హాస్టల్ మేడ మీదికెక్కి, కింద వీధిని ఫోన్‌లో అడ్డంగా ఒక ఫొటో తీయండి. మనుషుల మొహాలు పడకుండా, ఆగి ఉన్న బండ్లు చాలు. ల్యాప్‌టాప్‌లోకి తీసుకుని పెయింట్‌లో తెరవండి. మౌస్ ఎక్కడ పెడితే అక్కడి అంకెలు కింద కనిపిస్తాయి, ఇది మీకు తెలిసిందే. పైన ఎడమవైపు ఒక వస్తువు, నడుమ ఒకటి, కింద కుడివైపు ఒకటి ఎంచుకుని మూడింటి మూలల అంకెలు కాగితం మీద రాసుకోండి.

తర్వాత పైథాన్‌లో ఆ ఫొటో తెరిచి మూడు బాక్సులూ గీసి సేవ్ చేయండి. గీసే ముందు ఫొటోను కాపీ తీసుకోవడం మరవొద్దు, ఓపెన్‌సీవీ గీసిన గీత అదే ఫొటోలో ఉండిపోతుంది, వెనక్కి తీయలేం. ఇది మొదటి బొమ్మ. రెండోదానికి శుభ్రమైన కాపీని మూడింట రెండు వంతుల సైజుకు రీసైజ్ చేసి, అంకెలు మార్చకుండా అవే బాక్సులు గీయండి. మీ ఆఫీసు స్క్రీన్ మీద కనిపించిందే మీ హాస్టల్ వీధిలోనూ కనిపిస్తుంది. పైది కొంచెం జరుగుతుంది, నడిమిది ఖాళీ చోట పడుతుంది, కిందిది చాలా వరకు మాయమవుతుంది. మూడోదానికి, చిన్న ఫొటో మీదే అంకెల్ని ఒకటిన్నరతో భాగించి గీయండి. భాగించాక పూర్ణసంఖ్య చేయాలి, దశాంశం ఇస్తే ఫంక్షన్ ఒప్పుకోదు. అన్నీ తిరిగి తమ చోటికి వస్తాయి. ఈ మూడు బొమ్మలూ పక్కపక్కన పెడితే కోడ్ రానివాళ్లకు కూడా అర్థమవుతుంది.

ఇంక ఎవరికి చూపించాలన్నది. ఇక్కడ మీ ముందు మూడు దారులున్నాయి, మూడింటికీ ఖర్చు ఉంది.

మొదటిది, అన్నకు విడిగా చూపించడం. ఆఫీసులో వద్దు, ఫోన్‌లోనూ వద్దు. ఎదురెదురుగా కూర్చుని, 'క్లాసులో బాక్సులు గీస్తుంటే నాకు ఇలా వచ్చింది, మన కొత్త బ్యాచ్‌లో కూడా ఇదేనేమో ఒకసారి చూస్తావా అన్నా' అని అడగండి. ఇక్కడ సార్ అనకండి. మూడు బొమ్మలూ చూపించండి. ఎనిమిదేళ్లు ఈ పనిలో ఉన్న మనిషికి రెండో బొమ్మ చూడగానే విషయం తెలిసిపోతుంది. సరిచేయడం కూడా పెద్ద పని కాదు. ముందు అసలు ఫొటో మీద బాక్సులు గీసి ఆ తర్వాత చిన్నది చేస్తే చాలు, గీత సన్నబడకుండా మందం కాస్త పెంచుకోవాలంతే. ఈ దారిలో బంధుత్వం నిలుస్తుంది. ప్రమాదం ఏమిటంటే అతను గప్‌చుప్‌గా కోడ్ సరిచేసుకుని, మీ పాత మార్కుల్ని అలాగే వదిలేయొచ్చు. కాబట్టి రెండో కోరిక కూడా అప్పుడే అడగాలి: ఈ బ్యాచ్‌ను కొత్త కోడ్‌తో మళ్లీ చూడాలి, రెండు వార్నింగ్‌ల మీదా మెయిల్లో వివరణ రావాలి, మీకే కాదు, పక్క సీటు అమ్మాయికీ. నెలాఖరు దగ్గరపడుతోంది కాబట్టి ఎప్పటిలోగా అన్నది కూడా తేల్చుకోండి. రెండు మూడు రోజులు చాలు.

రెండోది, ప్రాజెక్ట్ మేనేజర్‌కు, అన్నకు కలిపి మెయిల్ రాయడం. అన్న వినకపోయినా, వింటాడన్న నమ్మకం మీకు లేకపోయినా ఇదే దారి. మీరు చెప్పినట్టు లిఖితంగా ఉంటుంది, రేపు కాంట్రాక్ట్ మాట వచ్చినప్పుడు పనికొస్తుంది. అన్నకు మాత్రం కష్టంగానే ఉంటుంది, ఎంత మెత్తగా రాసినా. అందుకే ఎవరు తప్పు చేశారన్నది అందులో ఉండకూడదు. "కొత్త బ్యాచ్ ఫొటోలు పాతవాటి కంటే పెద్దవి. క్యూసీ స్క్రీన్ మీద ఫొటో సైజు, మా ఫైల్లోని అంకెల సైజు ఒకటేనా అని ఒకసారి చూడగలరా? సైజు తేడా ఉంటే ఏం జరుగుతుందో ఒక మామూలు ఫొటో మీద చేసి జతపరిచాను" అని నాలుగు లైన్లు చాలు. వార్నింగ్ వచ్చిన ఫొటో నంబర్లు రాయండి, ఫొటోలు కాదు. అవి వాళ్ల దగ్గరే ఉన్నాయి, వాళ్లే తెరిచి చూసుకుంటారు.

మూడోది, ఏమీ అనకుండా వేరే ఉద్యోగం చూసుకోవడం. ఇదీ తప్పు కాదు, ప్రతి మనిషికీ ప్రతి పోట్లాటా పెట్టుకునే ఓపిక ఉండాలని లేదు. కానీ మీరు చేయని తప్పు మీ రికార్డులో ఉండిపోతుంది, తమ్ముడి ఫీజుకు ఈ టర్మ్ వేరే దారి చూసుకోవాలి. మీ తర్వాత ఆ బ్యాచ్ వచ్చే మనిషికి కూడా ఇదే జరుగుతుంది. ఆ రోడ్డు ఫొటోలతో నేర్చుకునే కంప్యూటర్‌కూ నష్టమే. క్యూసీ మాట విని ఎవరైనా మీ సరైన బాక్సుల్ని 'సరిచేస్తే' అది తప్పునే నేర్చుకుంటుంది. మీరు ఇప్పటికే రీవర్క్ పేరుతో కొన్ని బాక్సులు జరిపారా? ఉత్తరంలో రాయలేదు. జరిపి ఉంటే ఆ ఫొటోల లెక్క రాసి పెట్టుకోండి, అన్నకైనా మేనేజర్‌కైనా అది తప్పక చెప్పాలి.

నా మనసు మొదటి దారి వైపే ఉంది, మూడు రోజుల గడువుతో, ఆ తర్వాత రెండోది. కానీ అన్న స్వభావం మీకు తెలుసు, నాకు తెలియదు. అందరి ముందూ మాట అన్న మనిషి విడిగా ఉన్నప్పుడు ఎలా ఉంటాడో మీరే చెప్పగలరు. ఒకవేళ అతను కోపిష్టి, మాట బయటికి రాకముందే మిమ్మల్ని ఆ పని నుంచి తప్పిస్తాడని అనుమానం ఉంటే నేరుగా మెయిలే రాయండి. ఉద్యోగం ఇప్పించినందుకు కృతజ్ఞత చూపించాలంటే మీ పని పేరు పోగొట్టుకోవాలని ఎక్కడా లేదు. పెద్దమ్మకు, అమ్మకు ఈ విషయం ఇప్పుడే చెప్పకండి. వాళ్లకు రీసైజ్ సంగతి అర్థం కాదు, 'అన్న మీద ఫిర్యాదు' అన్నదే అర్థమవుతుంది. అంతా తేలాక అన్నే చెప్పుకుంటే మేలు.

ఇక మిగిలింది, మీకు కోడింగ్ వస్తుందా అని. స్క్రీన్‌షాట్‌ను పెయింట్‌లో తెరిచి బైకు ఎక్కడుంది, బాక్స్ ఎక్కడుంది అని కొలిచారు చూడండి, అమీర్‌పేట క్లాసులో అది ఎవరూ చెప్పి ఉండరు. ఫంక్షన్ పేర్లు రెండు వారాల్లో ఎవరికైనా వస్తాయి. కనిపించినదాన్ని నమ్మకుండా కొలిచి చూసే అలవాటు రావడం కష్టం, అది మీకు ఉంది. వందల బాక్సులు వేసిన కన్ను కాబట్టే తేడా పసిగట్టింది, కాబట్టి అనోటేషన్ చేసిన ఏడాదిన్నరను చిన్నచూపు చూసుకోకండి. లేబుల్స్ ఎలా తయారవుతాయో చేతులతో తెలిసిన మనిషి, వాటిని తనిఖీ చేసే కోడ్ కూడా రాయగలిగితే, అలాంటివాళ్లు టీములకు కావాలి.

సాధన చేయడానికి కంపెనీ ఫొటోలు అక్కర్లేదు. మన ఐఐఐటీ హైదరాబాద్ వాళ్లు ఇంటెల్‌తో కలిసి ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ అని ఒకటి తయారుచేశారు. హైదరాబాద్, బెంగళూరు రోడ్లు, వాటి శివార్లలో తీసిన 10,000 ఫొటోలు. ఆటోరిక్షాకు అందులో విడిగా ఒక పేరే ఉంది. పేరు నమోదు చేసుకుని, నిబంధనలు చదివి దించుకోవచ్చు. ఆ ఫొటోలు ఎక్కువ భాగం 1080 ఎత్తువి, కొన్ని 720వి, అంటే మీ ఆఫీసులో వచ్చిన ఇబ్బందే అక్కడా ఎదురవుతుంది. ప్రతి ఫొటో సైజు ముందు అడిగి, దాన్నిబట్టి అంకెలు మార్చుకుని బాక్స్ గీసే చిన్న ఫంక్షన్ రాయండి. బాక్స్‌లో ఏ మూలైనా ఫొటో బయటికి పోతే గట్టిగా చెప్పే ఒక లైను అందులో పెట్టండి. ఓపెన్‌సీవీ ఆ మాట తనంతట తాను చెప్పదు కదా.

గీసిన బాక్స్ మీద తెలుగులో పేరు రాయాలని మీకు అనిపిస్తే, ఓపెన్‌సీవీలో అక్షరాలు రాసే పుట్‌టెక్స్ట్ ఫంక్షన్‌తో ప్రయత్నించి విసుగు తెచ్చుకోకండి. అందులో ఉన్నవి ఇంగ్లీష్ అక్షరాల కోసం గీతలతో చేసిన పాత హెర్షీ ఫాంట్లు, తెలుగు ఇస్తే ప్రశ్నార్థకాలు వస్తాయి. పైథాన్‌లోనే ఉండే పిల్లో అనే ఇంకో ఫొటోల లైబ్రరీతో, తెలుగు ఫాంట్ ఫైలు ఇచ్చి రాయాలి. అక్కడ రంగుల వరుస ఆర్‌జీబీ, ముందు ఎరుపు, చివర నీలం, కాబట్టి ముందు మార్చుకోండి, లేకపోతే ఎర్ర బస్సు నీలంగా వస్తుంది. ఒత్తులు విడిపోయి కనిపిస్తే అక్షరాల్ని సరిగ్గా పేర్చే రాక్మ్ అనే లేఅవుట్ ఇంజిన్ ఉందో లేదో చూడండి.

అన్నతో మాట్లాడాక ఏమైందో రాయండి. పక్క సీటు అమ్మాయికి మాత్రం నా సమాధానం కోసం ఆగకుండా రేపే ఆ బైకు అంకెల లెక్క నోటితో చెప్పండి. తన తప్పేమో అని ఆమె ఇంకా ఏడుస్తూ ఉండొచ్చు.